కిన్నెర మెట్లు – తేనెమైనము

కోయక పాదుననే ముదిరిన సొరకాయ కూరకు పనికిరాదు. అది ఎండిన పిదప గుజ్జును, గింజలను తీసివేసినచో తేలికయు గట్టిదియు అయిన డొల్ల మిగులును. ఇట్టి బుర్రలను వెదురుబొంగునకు కట్టి తంత్రులు బిగించిన వాద్యమే కిన్నెర. తెలంగాణమున డక్కలివారు దీనిని మీటుచు కథలు చెప్పుదురు. పాలమూరు ప్రాంతమున పండుగ సాయన్న కథను దీనితో పాడుదురు.

ఈ వాద్యము ప్రాచీనమైనది. 12వ శతాబ్దపు శివశరణుడు కిన్నర బ్రహ్మయ్య పేరులోనే ఇది కలదు. ఆయన కథ పాల్కురికి సోమనాథుని బసవపురాణమున వచ్చును. 13వ శతాబ్దమున దేవగిరిలో నుండిన శార్ఙ్గదేవుడు తన సంగీతరత్నాకరమున కిన్నరీవీణను వర్ణించెను. దాని మెట్లకు రాబందు ఎముకలు వాడుదురనియు, వానిని నిలుపుటకు మైనములో కాల్చిన గుడ్డ బూడిదను కలుపుదురనియు చెప్పెను. వట్టి మైనము ఎండకు మెత్తబడి జారును. బూడిద కలిసినది అంత సులభముగా జారదు. పారవేయు గుడ్డపేలికకు ఇంతకంటె మంచి ఉపయోగము అరుదు.

తెలంగాణపు కిన్నెరలో వెనుక అలుగు పొలుసులను మెట్లుగా తేనెమైనముతో అతికించెడివారు. మేకులు కొట్టక మైనమే ఏల వాడిరి? పేదరికము వలన అనుకొనుట పొరపాటు. 60 సెంటీమీటర్ల తంత్రిలో 40 సెంటీమీటర్లు మాత్రమే మ్రోగునట్లు చేసినచో పంచమము పలుకవలెను. 30 అయినచో పై షడ్జము. కాని తంత్రిని మెట్టుపై నొక్కినపుడు అది కొంచెము సాగి బిగువెక్కును, శ్రుతి హెచ్చును. కావున లెక్క చెప్పిన చోట మెట్టు సరిగా పలుకదు. మైనమును వెచ్చజేసి మెట్టును జరుపుటకు వీలుండుటయే ఈ వాద్యమునకు ప్రాణము.

కిన్నెరకు కట్టు అద్దపు బిళ్ళలు, పూసలు, నెమలి ఈకలు నాదమునకు తోడ్పడవు. అవి చూపరులను నిలుపును. కథకునికి అదియు అవసరమే.

నేడు పాత సామగ్రి దొరకదు. పశువులకిచ్చిన డైక్లోఫినాక్ మందు వలన రాబందులు చాలవరకు నశించినవి. 2006లో ఆ పశువుల మందును నిషేధించిరి. అలుగును వేటాడుట 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టము క్రింద నేరము. ఎముకకు, పొలుసునకు బదులు వేరొకటి దొరకును. మెట్ల స్థానములు మాత్రము చేయువాని చెవిలో నున్నవి. ప్రదర్శనశాలలోని కిన్నెరకు మైనమెండి మెట్లు రాలినచో, అవి ఎచట నుండెనో తెలుపువారు కావలెను. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చినపుడు పన్నెండు మెట్ల కిన్నెర పేరు దేశమెల్ల వినబడెను. అది ఎట్లు చేయుదురో వినిన వారు తక్కువ.

బొల్లారము వంటి పారిశ్రామిక వాడలోని విద్యార్థులకు సొరబుర్ర దొరకకపోవచ్చును. ఖాళీ నూనెడబ్బా, బల్లచెక్క, పాత సైకిలు బ్రేకు తీగలోని ఒక పోగు చాలును. అయితే రసాయనములు నింపిన డబ్బాలను ఎంత కడిగినను ముట్టరాదు. పోగును లాగి కట్టునపుడు ముఖము దూరముగా నుంచవలెను. తెగినచో కన్నునకు తగులును. ఒక వెదురు పుల్లను మైనముతో 40 సెంటీమీటర్ల చోట నిలిపి మీటిన, పంచమము కొంచెము హెచ్చుగా వినబడును. మైనమును వెచ్చజేసి పుల్లను గుర్రమునకు దూరముగా ఒక నూలు జరిపి, మరల మీటి చూడవలెను.