పసుపు దుంపకు వేసవి గండము

శీతల దేశములలో తోటమాలికి హేమంతము పరీక్షాకాలము. వెచ్చని నేలలో ఏండ్ల తరబడి బ్రతుకు మొక్క, అక్కడ ఒక్క రాత్రి మంచుకు నశించును. మెక్సికోలో పుట్టిన డాలియా 1789లో స్పెయిను రాజధాని మాడ్రిడ్ చేరినది. కాలక్రమమున యూరపు తోటమాలులు, మంచుకు ఆకులు నల్లబడగానే దుంపను త్రవ్వి, పొడి ఇసుకలో దాచి, వసంతమున తిరిగి నాటుట నేర్చిరి. కలిగినవారు గాజు గృహములు కట్టిరి. ఇంగ్లండులో గాజుపై సుంకము 1845లో రద్దయిన పిదప అవి మరికొందరికి అందుబాటులోనికి వచ్చినవి.

మన వరంగల్లులో మంచు పడదు. ఐనను ఈ విద్య మన రైతునకు క్రొత్త కాదు. ఇక్కడ దుంపకు శత్రువు చలి కాదు, 40 డిగ్రీలు దాటు ఎండ.

పసుపు పంటను జనవరి మొదలు మార్చి వరకు త్రవ్వుదురు. అమ్మకమునకు పోవు పసుపును ఉడికించి ఎండబెట్టుదురు. ఉడికిన కొమ్ము మరల మొలకెత్తదు గనుక విత్తనపు పాలు ముందే వేరుచేయవలెను. ఎకరమునకు ఇంచుమించు 10 క్వింటాళ్ళు కావలెను. ఈ దుంపలను చెట్టు నీడనో కొట్టములోనో కుప్పపోసి పసుపుటాకులు కప్పుదురు. కొందరు పైన పేడ కలిపిన మట్టి మెత్తుదురు. ఎండ సోకిన దుంప వడలును. గాలి యాడనిచో కుళ్ళును. తొలకరి వరకు దానిని కాపాడుట ఇంటిల్లిపాదికి బాధ్యత.

ఇంత జాగ్రత్త యేల? పసుపు పూచును గాని సామాన్యముగా గింజ కట్టదు. దాని కణములలో క్రోమోజోములు రెండు కూర్పులుగా గాక మూడు కూర్పులుగా నుండుటయే కారణమని శాస్త్రజ్ఞులు తేల్చిరి. కావున దుంప నుండి దుంపయే పుట్టవలెను. నేడు మన చేలలోని ప్రతి పసుపు మొక్కయు, ఏటేట ఎవరో ఒకరు దాచి నాటిన దుంపల వరుసలో చివరిది. ఏ చేనిలోనైన ఒక్క యేడు విత్తనము చెడినచో ఆ వరుస అక్కడ తెగినట్లే.

హర్యానాలోని ఫర్మానాలో సింధు నాగరికత కాలపు పాత్రలపై పసుపు ఆనవాళ్ళు దొరికినవి. అనగా ఈ వరుస వయస్సు నాలుగు వేల యేండ్లకు పైమాట. ఓరుగల్లు కోట 1323లో పడినది. ప్రతాపరుద్రుని రాజ్యము ముగిసినది. ఆ కథను చరిత్రకారులు వ్రాసిరి. దుంపను దాచిన చేతుల పేర్లు మాత్రము ఏ శాసనమునను కానరావు.

జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాదు కేంద్రముగా ఆరంభమైనది. ధరల సంగతి అది చూచునని ఆశింతము. కాని ధర లేని యేట విత్తనపు దుంపను కూడ అమ్ముకొనక నిలుపుకొన్న రైతు ఓర్పును మేము ఈ పూట స్మరింప దలచితిమి. పండుగనాడు గడపకు పసుపు పూయునపుడు మీరును ఒకసారి తలచుకొనుడు.