సంధి, సన్నిపాతము, చిత్తవిభ్రమము: ఒక రోగలక్షణపు చరిత్ర

జ్వరతీవ్రతలో రోగి పొంతనలేని మాట లాడినచో తెలుగునాట సంధి పుట్టినదందురు. ఆ మాటలకు సంధిప్రేలాపన యని పేరు. బహుకాలముగా మతి చెడియున్నవానిని గూర్చి చెప్పునపుడు మాత్రము పిచ్చి యను మాటనే వాడుదురు. జనవ్యవహారము పాటించిన ఈ భేదము చిన్నది కాదు. శరీరమునకు కలిగిన వ్యాధి వలన మనస్సు కొద్దికాలము చెదరుట వేరు, మనోవ్యాధి వేరు. ఈ వివేకము వైద్యశాస్త్రమున ఎట్లు పొడసూపినదో, ఎట్లు మరుగుపడి మరల స్థిరపడినదో స్థూలముగా పరామర్శించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

ముందుగా మన ప్రాచీనగ్రంథములను చూతము. చరకసంహిత నిదానస్థానమున ఎనిమిది యధ్యాయములు కలవు. మొదటిది జ్వరమును గూర్చినది. ఏడవది ఉన్మాదమును గూర్చినది. మనస్సు, బుద్ధి, సంజ్ఞాజ్ఞానము, స్మృతి, భక్తి, శీలము, చేష్ట, ఆచారము అను ఎనిమిదింటి విభ్రమమే ఉన్మాదమని అచ్చట నిర్వచింపబడినది. చికిత్సాస్థానమున జ్వరమును వివరించుచోట సన్నిపాతజ్వర లక్షణములలో తంద్ర, మోహము, ప్రలాపము, భ్రమ చేర్పబడినవి. మనస్సు చెదరుట రెండుచోట్లను కలదు. కాని ఒకచోట అదియే వ్యాధి. వేరొకచోట అది వ్యాధికి లక్షణము మాత్రము. ఈ వివేకము అధ్యాయవిభాగమునందే యిమిడియున్నది.

వాగ్భటుని అష్టాంగహృదయమున ఈ పరిశీలన ఇంకను సూక్ష్మమైనది. సన్నిపాతజ్వరరోగికి పగలు గాఢనిద్రయు రాత్రి జాగరణమును కలుగుననియు, లేదా ఎల్లవేళల నిద్రయో, బొత్తిగా నిద్రలేమియో యుండుననియు, పాట, ఆట, నవ్వు మొదలగు వికృతచేష్టలు పొడసూపుననియు ఆతడు చెప్పియున్నాడు. రేయింబవళ్ల నిద్రాక్రమము తారుమారగుట ఈ స్థితికి ముఖ్యమైన గుర్తులలో నొకటియని నేటి వైద్యులును అంగీకరింతురు. రోగి ప్రక్కన రాత్రులు మేలుకొని చూచినవారికి గాని ఇట్టి వాక్యము వ్రాయుట సాధ్యము కాదు.

తరువాతి కాలపు గ్రంథములలో సన్నిపాతములు పదుమూడింటికి వేర్వేరు పేర్లు కనవచ్చును. సంధికము, తంద్రికము, ప్రలాపకము, చిత్తవిభ్రమము, అభిన్యాసము మున్నగునవి వానిలోనివి. సంస్కృతశ్లోకములకు తెలుగు తాత్పర్యముతో వెలసిన బసవరాజీయము వంటి గ్రంథములు ఈ వైద్యమును తెలుగుదేశపు వైద్యులకు అందుబాటులోనికి తెచ్చినవి. జనుల నోట నిలిచిన సన్ని, సంధి యను మాటలకు ఈ పరిభాషతోనే చుట్టరికమున్నదని మా యభిప్రాయము. ఇందు ప్రలాపక, తంద్రిక నామములు గమనింపదగినవి. మొదటిదానిలో రోగి వదరును. రెండవదానిలో మగతగా పడియుండును. ఐనను ఈ పేర్లను నేటి రోగనామములతో ఒకదానికొకటిగా సరిపెట్టబూనుట పొరపాటగును. ప్రాచీనుల విభాగమునకు దోషసిద్ధాంతము మూలము. పెక్కు దేహలక్షణములును అందు కలిసియున్నవి. వారి సిద్ధాంతము వేరు, వారి పరిశీలన వేరు. చరిత్రకారుడు రెండవదానిని మొదటిదాని నుండి విడదీసి చూడవలెను.

గ్రీసుదేశమునను చరిత్ర ఇట్లే నడచినది. హిపోక్రటీసు పేర వెలసిన గ్రంథములు జ్వరముతో కూడిన మతిచాంచల్యమును ఫ్రెనైటిసు అని వ్యవహరించినవి. తీవ్రజ్వరములలో రోగి చేతులను ముఖము ముందర ఆడించుట, దుప్పటి నూలును పీకుట దుశ్శకునములని వానిలో నొకటి హెచ్చరించుచున్నది. క్రీ. శ. మొదటి శతాబ్దివాడగు సెల్ససు లాటినుభాషలో డెలీరియము అను మాటను వైద్యమున వాడెను. జ్వరము పెరిగినవేళ కలుగు ప్రతి ప్రలాపమును ఫ్రెనైటిసు కాదనియు, ఎడతెగక నిలిచినపుడే ఆ పేరు తగుననియు ఆతడు వివేచించెను. డెలీరియమునకు ధాత్వర్థము నాగటిచాలు తప్పుట. వ్యవసాయము తెలిసిన మన భాషకు ఈ యుపమానము కొత్తది కాదు.

ఇచ్చట వేరొక శబ్దమును గూడ పరిశీలింపవలెను. గ్రీకుభాషలో టైఫసు అనగా పొగ. మనస్సు పొగ కమ్మినట్లుండుటను బట్టియే జ్వరమునకు ఆ పేరు కలిగినది. 1829లో ఫ్రాన్సుదేశపు లూయీ టైఫాయిడు అను పేరును ప్రవేశపెట్టెను. ఈ రెండు జ్వరములును వేర్వేరని 1837లో అమెరికాలో గెర్హార్డు నిరూపించెను. 1880లో ఎబెర్తు టైఫాయిడు సూక్ష్మజీవిని కనుగొనెను. టైఫసు పేల వలన వ్యాపించునని 1909లో నికోలు తేల్చెను. కారణము తెలిసిన పిమ్మటను పాతపేర్లే నిలిచినవి. ఒక లక్షణము వ్యాధికి పేరై, వ్యాధి వేరుపడిన తరువాత తన యర్థమును కోల్పోయినది. తెలుగున సన్నిపాతజ్వరము టైఫాయిడునకు పర్యాయపదమైనపుడు జరిగినదియు ఇదియే.

పందొమ్మిదవ శతాబ్దిలో లక్షణమును లక్షణముగా పరిశీలించు యత్నము బలపడినది. 1813లో ఇంగ్లండుదేశపు సట్టను మద్యపాయులలో కనిపించు కంపప్రలాపమును వేరుచేసి వర్ణించెను. 1817లో జర్మనుదేశపు గ్రైనరు స్వప్నమును, జ్వరములోని మతిభ్రమమును పోల్చుచు చైతన్యము మసకబారుట యను భావమును ప్రతిపాదించెను. 1895లో ఫ్రాన్సుదేశపు షాస్లెను మానసికవిభ్రమము పేర ఒక గ్రంథమునే వెలయించెను. 1910లో బోన్‌హోఫరు, బాహ్యకారణము లెన్ని యున్నను మెదడు ప్రతిస్పందించు తీరులు కొన్నియేయని చూపెను. 1959లో ఎంగెలు, రొమానో యను అమెరికా వైద్యులు ఈ స్థితిని మెదడు యొక్క అసమర్థతగా వివరించి, విద్యుత్తరంగముల మాంద్యముతో దానికి గల సంబంధమును నొక్కి చెప్పిరి. హృదయము, మూత్రపిండములవలె మెదడును తన పని నెరవేర్పలేని స్థితికి రావచ్చునన్నది వారి భావము.

1990లో ఇనూయే మున్నగువారు గుర్తించు పద్ధతిని సులభతరము చేసిరి. మార్పు హఠాత్తుగా కలిగి హెచ్చుతగ్గు లగుట, అవధానము నిలువకుండుట అను రెండును తప్పక యుండవలెను. వీనికి తోడు ఆలోచన పొంతనలేకుండుటయో, ఎరుక స్థాయి మారుటయో కలదేని నిర్ణయము చేయవచ్చును. ఉన్మాదము నుండియు, వార్ధక్యమున మెల్లమెల్లగా కలుగు మతిక్షయము నుండియు దీనిని వేరుచేయునది ముఖ్యముగా మొదటి గుర్తే.

ఈ భేదము పండితచర్చకు మాత్రమే సంబంధించినది కాదు. వదరు రోగిని అందరు గమనింతురు. మగతలో మౌనముగా పడియున్న వృద్ధుని ముసలితనమని విడిచిపెట్టుదురు. జ్వరమో, మూత్రకోశపు సూక్ష్మజీవిదోషమో, శస్త్రచికిత్సయో, ఔషధవికటత్వమో ఆ మౌనమునకు కారణము కావచ్చును. సకాలమున గుర్తించినచో పెక్కు సందర్భములలో అది కుదుర్పదగినది. ఉన్మాదము, మతిభ్రమణము అను మాటలతోనే పరిభాషాకర్తలు రెండు స్థితులను చెప్పినచో, నిన్నటివరకు తెలివిగా మాటలాడినవాడు నేడేల ఇట్లున్నాడను ప్రశ్నయే మరుగున పడును. ఆ ప్రశ్న వేయని యింట రోగి ప్రాణమునకే ముప్పు.

కావున తెలుగు వైద్యపరిభాషలో ఈ స్థితికి ప్రత్యేకముగా నొక పదము నిలుపుట అవసరమని మేము భావించుచున్నాము. చిత్తవిభ్రమము శాస్త్రమునకును, సంధి వాడుకకును తగియున్నవి. పరిశోధక విద్యార్థులు వైద్యగ్రంథముల తాళపత్రప్రతులను, ఆయా మండలముల జనవ్యవహారమును కలిపి పరిశీలించినచో, ప్రలాపమునకే గాక ఆ మౌనమునకు గూడ మన పూర్వు లేమేమి పేర్లు పెట్టిరో తెలియగలదు.