ఆదాయం, ఆస్తి, కుటుంబ వ్యయం: ఒక భావన చరిత్ర

ఒక కుటుంబం ఎంత ఖర్చు పెడుతుందన్నది ఆ ఏడాది రాబడి ఒక్కటే తేల్చదు. కూడబెట్టిన ఆస్తి, ముందుముందు వస్తుందనుకునే ఆదాయం కూడా తేలుస్తాయి. 1857లో జర్మన్ గణాంకవేత్త ఎర్నస్ట్ ఎంగెల్ ఆదాయం పెరిగేకొద్దీ ఖర్చులో తిండి వాటా తగ్గుతుందని చూపాడు. 1936లో ఆర్థికవేత్త కీన్స్ వ్యయాన్ని ప్రధానంగా వర్తమాన ఆదాయానికి ముడిపెట్టి, సంపన్నులయ్యేకొద్దీ జనం ఆదాయంలో ఎక్కువ భాగం దాస్తారని భావించాడు. సైమన్ కుజ్నెట్స్ తీసిన అమెరికా దీర్ఘకాలిక లెక్కల్లో మాత్రం ఖర్చు వాటా దాదాపు నిలకడగానే ఉంది. ఈ చిక్కు విప్పడానికి 1954లో మోడిగ్లియానీ, బ్రంబర్గ్ జీవితచక్ర సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు: సంపాదించే వయసులో దాచుకుని, ముసలితనంలో వాడుకుంటారు. తాత్కాలిక లాభనష్టాలకు జనం తమ ఖర్చు తీరును పెద్దగా మార్చుకోరని 1957లో మిల్టన్ ఫ్రీడ్‌మన్ వాదించాడు.

ఇవి జీతం, పింఛను, బ్యాంకు ఖాతా ఉన్నవాళ్ల సిద్ధాంతాలు కదా, వానను నమ్ముకున్న రైతుకు ఎలా వర్తిస్తాయి అన్న అభ్యంతరం న్యాయమైనదే. దానికి గట్టి పరీక్ష తెలుగు నేల మీదే జరిగింది. పటాన్‌చెరులోని వ్యవసాయ పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ 1975 నుంచి అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా అవురుపల్లిలోనూ, మహారాష్ట్ర గ్రామాల్లోనూ ఊరికి 40 కుటుంబాల చొప్పున ఎంచుకుని, వాటి ఆదాయవ్యయాలను ఏళ్ల తరబడి నమోదు చేసింది. ఆ లెక్కలతో రాబర్ట్ టౌన్సెండ్ 1994లో తేల్చినదేమంటే, కుటుంబాల ఆదాయం విపరీతమైన ఒడిదుడుకులకు లోనైనా వాటి ఖర్చు ఊరి సగటు ఖర్చుతో పాటే కదిలింది. ఇందుకు చేబదుళ్లు, బంధువుల సాయం తోడ్పడ్డాయి. ఆడపిల్లలను దూరపు ఊళ్లకు ఇవ్వడంలోనూ వేర్వేరు వానల మీద ఆధారపడే వియ్యంకులను సంపాదించుకునే ఆలోచన ఉందని రోజెన్‌జ్వీగ్, స్టార్క్ 1989లోనే చూపారు.

అయితే పేదలకు ముప్పు లేదా? అలా అనుకోవడం తప్పు. తాను పరిశీలించిన మూడు గ్రామాల్లో ఒకచోట భూమిలేనివాళ్లకు ఇరుగుపొరుగుకున్నంత రక్షణ లేదని టౌన్సెండ్ అధ్యయనమే చెప్పింది. రోజెన్‌జ్వీగ్, వోల్పిన్ 1993లో చూపినదాన్ని నేను ఇంకా బరువైన సాక్ష్యంగా భావిస్తాను: పంట పోయినప్పుడు రైతులు ఎడ్లను అమ్మి ఇల్లు గడుపుకున్నారు. తిండి నిలిచింది గానీ దుక్కి కుంటుపడింది, సేద్యానికి కావలసినన్ని ఎడ్లు వాళ్ల దగ్గర ఎప్పుడూ లేకుండా పోయాయి. ఆస్తి చాలనివాళ్లు ఈ నష్టానికి ముందే భయపడి, లాభం తక్కువైనా ప్రమాదం తక్కువున్న పంటలవైపు మొగ్గుతారు. ఖర్చు నిలకడకు వాళ్లు చెల్లించే ఈ మూల్యం వ్యయ సర్వేల్లో కనబడదు. దాన్ని పట్టుకోవాలంటే ఆస్తుల లెక్కలు కూడా తీయాలి.