కుక్కకు మన గ్లాసులోది పోయొచ్చా? గంజి నుంచి కల్లు దాకా

ఈ మధ్య ఒక రీల్ మీ ఫోన్లకు కూడా వచ్చే ఉంటుంది. కల్లు దుకాణం దగ్గర ఒకతను సీసాలో మిగిలిన కల్లును చిప్పలో పోస్తాడు. వీధికుక్క గబగబా నాకేస్తుంది. కాసేపటికి కాళ్లు తడబడి గోడకు గుద్దుకుంటుంది. వెనక నవ్వులు, పైన డీజే పాట. నాకు పంపిన తమ్ముడు "అన్నా, మన పాలమూరు కుక్క" అని రాసిండు. నాకు నవ్వు రాలేదు. ఎందుకో చెప్తా, కానీ ముందు కొంచెం వెనక్కి పోదాం. కొంచెం అంటే కొన్ని వేల ఏళ్లు.

మాది నాగర్‌కర్నూల్ దిక్కు పల్లె. మా అవ్వ జొన్న గట్క వండిన కుండ అడుగున అంటుకున్నది గీకి, అందులో నీళ్లు కలిపి వాకిట్లో మట్టి చిప్పలో పోసేది. అది కుక్క వాటా. "డాగ్ ఫుడ్" అనే మాట మా ఊళ్లో ఎవరూ వినలేదు. గంజి, అంబలి, గట్క నీళ్లు, పండగ రోజు నాలుగు బొక్కలు, అంతే. నల్లమల మీదికి పోతే అమ్రాబాద్ చెంచులకూ కుక్కే తోడు. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1940లో వాళ్ల మధ్య ఉండి, 1943లో వాళ్ల మీద పెద్ద పుస్తకమే అచ్చు వేయించాడు. వేటలో, కాపలాలో కుక్క మనిషి వెంటే ఉన్న బతుకు అది. మనిషి దగ్గర ఏది మిగిలితే దానికి అదే.

ఇక్కడే అసలు విషయం ఉంది. 2013లో స్వీడన్‌లోని ఉప్సలా యూనివర్సిటీ వాళ్లు కుక్క, తోడేలు జన్యువులను పక్కపక్కన పెట్టి చూశారు. గంజిలో ఉండే పిండి పదార్థాన్ని అరిగించే ఎంజైమ్‌కు ఒక జన్యువు ఉంటుంది. తోడేలులో దాని కాపీలు రెండే. కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయి. అంటే మనిషి పంట పండించి పిండి తినడం మొదలుపెట్టాక, మన ఎంగిలి మీద బతుకుతూ కుక్క కడుపే మారిపోయింది. ఆస్ట్రేలియా అడవి కుక్క డింగో వ్యవసాయం జోలికి రాలేదు, దానికి ఇప్పటికీ తోడేలులాగా రెండే కాపీలు. కాబట్టి మా అవ్వ పోసిన గంజికి వేల ఏళ్ల చరిత్ర ఉంది. ఉప్పు, కారం లేని పలచటి గంజి కుక్కకు పడుతుంది. అయితే ఒక్క గంజితోనే కడుపు నింపితే మాత్రం మాంసకృత్తులు సరిపోవు.

మిగతావాటికి ఇంత చరిత్ర లేదు. పాలు చూడండి. మన దగ్గర కుక్కకు పాలు పోయడం పుణ్యం అనుకుంటాం. మైలార దేవుడి గొరవయ్యలు అయితే తామే దేవుడి కుక్కలమని, ముందు గిన్నె పెట్టుకుని, పాలూ నెయ్యీ కుక్కలాగా వంగి స్వీకరిస్తారు. కర్ణాటకలో, కర్నూలు వైపు ఇప్పటికీ ఉన్న ఆచారం ఇది. భక్తి భక్తే. కానీ పిల్లదశ దాటిన చాలా కుక్కలకు పాలలోని చక్కెర సరిగ్గా అరగదు, విరేచనాలు అవుతాయి. ఉప్పు వేయని పలచటి మజ్జిగ కొంచెం నయం. తాలింపు మజ్జిగ వద్దు.

టీ మన ఊళ్లకు మొన్నమొన్న వచ్చింది. 1903లో బ్రిటిష్ ప్రభుత్వం టీ మీద సెస్ వేసింది. ఆ డబ్బుతోనే తర్వాత ఊరూరా తిరిగి, ఊరికే టీ తాగించి, మనవాళ్లకు అలవాటు చేశారు. కుక్కకు ఆ అలవాటు చేసింది మనం. టీ కాఫీల్లోని కెఫీన్ గుండెను, నరాలను ఉరికిస్తుంది, కుక్క ఒంట్లో అది ఇంకా గట్టిగా పని చేస్తుంది. లెక్క కూడా చూద్దాం, భయపెట్టడం నా పని కాదు. కప్పు టీలో సుమారు 30 నుంచి 50 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. కుక్కలో లక్షణాలు మొదలయ్యేది కిలో బరువుకు సుమారు 20 మిల్లీగ్రాముల దగ్గర. అంటే పది కిలోల కుక్క నాలుగు గుటకలు టీ తాగితే చావదు. నాకు భయం హోటల్ వెనక పారబోసే టీపొడి కుప్ప గురించి. పాలు, చక్కెర అంటిన ఆ పొడిని కుక్కలు ఇష్టంగా తింటాయి. కెఫీన్ కొంత అందులోనే మిగిలి ఉంటుంది.

ఇప్పుడు మనవాళ్లకు కోపం వచ్చే మాట. పచ్చిపులుసు. మిగిలిన పులుసు అన్నంలో కలిపి కుక్కకు పెట్టని ఇల్లు తెలంగాణలో ఉందా? ద్రాక్ష, కిస్‌మిస్ తిన్న కుక్కలకు కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో చాలా ఏళ్లు ఎవరికీ అంతుపట్టలేదు. ఇప్పుడు అనుమానం టార్టారిక్ యాసిడ్ మీద. అదే యాసిడ్ చింతపండులో దండిగా ఉంటుంది. 2022లో వచ్చిన ఒక వైద్య నివేదికలో చింతపండు తిని కిడ్నీలు దెబ్బతిన్న కుక్కల కేసులు ఉన్నాయి. కేసులు కొన్నే, నిజమే. కానీ పచ్చిపులుసులో పచ్చి ఉల్లిగడ్డ కూడా ఉంటుంది కదా. ఉల్లి కుక్క రక్తకణాలను పగలగొడుతుంది. ఇది ఎప్పటి నుంచో తెలిసిన సంగతే.

"మరి మన తాతల కాలం కుక్కలు అన్నీ తిని బతకలేదా అన్నా?" అంటారు. బతికినవి బతికాయి. చచ్చినవి ఎందుకు చచ్చాయో ఎవరు చూశారు? ఊరవతల పడేసి వచ్చేవాళ్లం.

ఇక రీల్ సంగతి. పదేళ్ల వయసులో నేనూ, నా దోస్తులూ అదే పని చేశాం. ఫోన్ లేదు, అంతే తేడా. మా చిన్నాన్న పెళ్లిలో మిగిలిన కల్లు మా నల్లోడి చిప్పలో పోశాం. వాడు తాగాడు, తూలాడు, మేం పడీపడీ నవ్వాం. పొద్దున లేచేసరికి గడ్డివాము పక్కన కట్టెలాగా పడి ఉన్నాడు. పాము కరిచిందని పెద్దవాళ్లకు చెప్పాం. అవ్వ ఆ చిప్పను చాలా రోజులు అట్లే బోర్లించి పెట్టింది.

అప్పుడు తెలియని లెక్క ఇది. అరవై కిలోల మనిషికి ఒక సీసా అంటే, పన్నెండు కిలోల కుక్కకు అదే సీసా ఐదు సీసాలతో సమానం. పొద్దున దించిన కల్లు తియ్యగా ఉంటుంది, సాయంత్రానికి పులిసి మత్తు పెరుగుతుంది. కుక్క ఒంట్లో చక్కెర పడిపోతుంది, ఒళ్లు చల్లబడుతుంది, ఊపిరి నెమ్మదిస్తుంది. వాంతి చేసుకుంటే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పైగా మన జిల్లాల కల్లు కథ మీకు తెలుసు. క్లోరల్ హైడ్రేట్, డైజోపామ్, అల్ప్రాజోలం కలిపి అమ్మిన చరిత్ర ఉంది. 2015లో ఆ కల్తీని కట్టడి చేస్తే, అలవాటు పడిన మనుషులు పిచ్చిపట్టినట్టు అయ్యి ఆసుపత్రుల పాలయ్యారు. మనుషులనే అట్లా చేసిన సరుకు కుక్క చిప్పలో పోస్తే ఏమవుతుందో చెప్పాలా?

కూల్‌డ్రింక్‌లో ఉండేది ముఖ్యంగా చక్కెర, గ్యాస్. దానివల్ల కుక్కకు లాభం ఏమీ లేదు. షుగర్‌ఫ్రీ అని రాసినవాటి లేబుల్ మాత్రం చదవండి. జైలిటాల్ అని ఉంటే కుక్క దగ్గరికి రానీయకండి. మనకు ఏమీ కాదు, కుక్కలో మాత్రం ఇన్సులిన్ ఒక్కసారిగా ఎగదన్ని అరగంటలోనే చక్కెర పడిపోవచ్చు.

ఎవరైనా కుక్కకు కల్లు పోశారని తెలిస్తే, గొంతులో వేలు పెట్టి కక్కించకండి. ఉప్పునీళ్లు పోయకండి, అది ఇంకో విషం. తెలివిలో లేని కుక్క నోట్లో ఏదీ పోయొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, గోనెసంచో దుప్పటో కప్పి, దగ్గరి పశువుల డాక్టరుకు ఫోన్ చేయండి. ఎంత తాగింది, ఎప్పుడు తాగింది, ఎన్ని కిలోలు ఉంటుంది, ఈ మూడూ చెప్పండి. 1962 నంబరు సంచార పశువైద్యానిది. ముఖ్యంగా గొడ్లూ గొర్రెల కోసం పెట్టిందే అయినా అడిగి చూడండి.

ఆ రీల్ పంపిన తమ్ముడికి ఇదే ఎపిసోడ్ తిరిగి పంపుతున్నా. ఎండలు ముదురుతున్నాయి, వాకిట్లో ఒక చిప్పలో నీళ్లు పెట్టండి, రోజూ కడిగి మార్చండి. వచ్చే ఎపిసోడ్‌లో గద్వాల కోట దగ్గర కలుద్దాం.