తొండియార్‌పేట కాలువ చెప్పు పాఠము

తొండియార్‌పేటకు పడమటగా సాగు బకింగ్‌హామ్ కాలువను నేడు దాటువారు ముక్కు మూసికొని పోవుదురు. ఒకనాడు అది మన చెన్నపురిని తెలుగునాటితో కలిపిన జలమార్గము. 1806లో ఎన్నూరు దిక్కుగా మొదలైన ఈ కాలువ క్రమముగా పెరిగి కృష్ణా కాలువలతో కలిసెను. 1876–78 నాటి ధాత కరవులో అన్నార్తులకు పని చూపుటకై కూవము, అడయారు నదుల నడుమ దీనిని త్రవ్వించిరి. అప్పటి గవర్నరగు బకింగ్‌హామ్ ప్రభువు పేరు దీనికి నిలిచినది. వాన కురియని కాలమున పొడిగింపబడిన కాలువ, వాన మిక్కిలిగా కురిసిననాడు నీటిని మోయలేక పొంగుచున్నది.

2015 డిసెంబరు వరదలను మనము మరువలేదు. 2019 వేసవిలో పుళల్ జలాశయము ఎండి, కడవలతో వరుసలు కట్టితిమి. 2023 డిసెంబరు తుపానులో ఎన్నూరు కడ వరదనీటితో చమురు కలిసి బెస్తవారి వలలను, పడవలను పాడుచేసెను. ఆ యేడే మన కార్పొరేషను వాతావరణ మార్పు నెదుర్కొను ప్రణాళికను ప్రకటించి, 2050 నాటికి కర్బన సమతుల్యత సాధింపవలెనని లక్ష్యము నిర్ణయించెను. ఈ పనికై నగరపాలక సంస్థ ప్రత్యేక కార్యాలయమును తన ధనముతో పోషింపవలెనా యనునదే ప్రశ్న.

వీధిలో మురుగు తీయుటకే డబ్బు చాలనప్పుడు మరియొక కార్యాలయ మెందుకని పెద్దలు కొంద రందురు. ఆ మాట త్రోసివేయదగినది కాదు. కుర్చీలు, పేరుపలక మాత్రమే గల కార్యాలయము మనకు వలదు. కాని కాలువ యేల చెడినదో చూడుడు. నదులు, పెద్ద కాలువలు రాష్ట్ర జలవనరుల శాఖవి. వీధుల వాననీటి కాలువలు కార్పొరేషనువి. మురుగునీరు 1978లో ఏర్పడిన మెట్రో నీటి సంస్థది. ముగ్గురి చేతిలోని పనికి మొత్తముమీద జవాబుదారి లేడు. ఏ వీధిలో ఎంత నీరు నిలిచెనో వ్రాసియుంచి, రేపు త్రవ్వు కాలువ రేపటి వానకు చాలునో లేదో ముందే అడుగువా డొకడు ఉండవలెను. అడిగినంతనే చాలదు; ఆతని మాట తేలనిదే పని సాగరాదు.

నిధి నిలుకడ లేని సత్కార్యము గతి యేమగునో మనవారి చరిత్రయే చెప్పుచున్నది. మన ఉత్తర చెన్నపురి తెలుగు ప్రముఖులు సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారు కార్పొరేషను అధ్యక్షులుగా నుండగా, 1920లో థౌజండ్ లైట్స్ పాఠశాలలో బీదపిల్లలకు ఫలాహారము పెట్టించిరి. ఇది నగరసంస్థ పనియా యని అనుకొన్నవారు నాడును ఉండియుందురు. ప్రాథమిక విద్యానిధినుండి ఆ వ్యయము కూడదని ప్రభుత్వ మనగా 1925లో అది నిలిచిపోయెను. తరువాతి కాలమున రాష్ట్రమంతయు ఆ బాటనే పట్టినది. కాని నడుమ ఆకలితో బడికి వచ్చిన పిల్లల దినములు తిరిగి రాలేదు.

కావున కార్యాలయము కావలెననియే మా అభిప్రాయము. ఏటేటి బడ్జెట్టులో దానికి ప్రత్యేక పద్దు ఉండవలెను. దాని లెక్కలు వార్డుల వారీగా ప్రజల ముందుంచవలెను. దాని పని ఎక్కువగా ముంపునకు గురియగు ఉత్తరభాగమున మొదలు కావలెను. మన వంతును ఒకటి కలదు. ఏ వాననాడు ఏ గడప వరకు నీరెక్కెనో మన యిండ్ల వృద్ధుల కెరుక. వారుండగనే ఆ సంగతిని వ్రాయించి అందజేయుదము.