కాపురాలు నిలబెట్టిన కట్టడం
(రోమ్‌లోని మార్సెల్లస్ థియేటర్, దాని చుట్టూ ఉన్న గుళ్ళ కథ)

రోమ్ పేరు చెప్పగానే మనందరికీ కొలోసియం గుర్తొస్తుంది. పుస్తకాల్లో బొమ్మ కూడా ఎక్కువగా అదే ఉంటుంది. కానీ కొలోసియం పూర్తి కావడానికి సుమారు తొంభై ఏళ్ళ ముందే, అదే ఊళ్ళో, టైబర్ నదికి దగ్గర్లో, అదే తరహా కమానుల వరుసలతో ఇంకో పెద్ద కట్టడం లేచింది. దాని పేరు మార్సెల్లస్ థియేటర్. దూరం నుంచి చూసినవాళ్ళు కొలోసియం ఇదేనేమో అనుకుంటారు. దగ్గరికి వెళ్తే మాత్రం ఒక వింత కనిపిస్తుంది. కింద రెండు వరుసల్లో రెండు వేల ఏళ్ళ నాటి రాతి కమానులు. వాటి మీద కిటికీలు, గోడలు, ఇళ్ళు! ఆ ఇళ్ళలో ఇప్పటికీ మనుషులు కాపురం ఉంటున్నారు.

అంత పాత కట్టడం మీద కాపురాలేమిటి, అది పాడైపోదా అని ఎవరికైనా అనుమానం వస్తుంది. నాకూ వచ్చింది. ఆ అనుమానం తీరాలంటే థియేటర్ ఒక్కటీ చూస్తే చాలదు. పక్కనున్న గుళ్ళు కూడా చూడాలి. అన్నీ పది నిమిషాల నడక దూరంలోనే ఉన్నాయి కాబట్టి మనం కూడా ఒక్కొక్కటిగా చూసుకుంటూ వెళ్దాం.

ఖాళీ చేయించిన స్థలం

ఇక్కడ థియేటర్ కట్టాలని మొదట అనుకున్నది జూలియస్ సీజర్. స్థలం కోసం అక్కడున్న ఇళ్ళనూ గుళ్ళనూ పడగొట్టించాడని, అందుకు జనం అతన్ని తప్పుపట్టారని డియో కాసియస్ అనే చరిత్రకారుడు రాశాడు. పని సాగకముందే, క్రీ.పూ. 44 లో సీజర్ హత్య జరిగింది. ఆ తర్వాత అధికారంలోకి వచ్చిన అగస్టస్ చక్రవర్తి ఈ పనిని పూర్తి చేశాడు. తాను చేసిన పనుల జాబితాను అగస్టస్ శాసనంగా రాయించాడు. అందులో ఈ థియేటర్ గురించి చెబుతూ, స్థలంలో ఎక్కువ భాగం సొంతదారుల దగ్గర కొన్నానని ప్రత్యేకంగా చెప్పుకున్నాడు. సీజర్‌కు వచ్చిన చెడ్డపేరు తనకు రాకూడదని జాగ్రత్తపడ్డాడేమో అనిపిస్తుంది.

మార్సెల్లస్ అంటే అగస్టస్ అక్క ఆక్టేవియా కొడుకు. మేనల్లుడే కాదు, అల్లుడు కూడా. అగస్టస్ తన కూతురు జూలియాను అతనికే ఇచ్చి పెళ్ళి చేశాడు. మన ఇళ్ళలో మేనరికాలు విన్నవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. తన తర్వాత ఇతనే రాజ్యం చూసుకుంటాడని అందరూ అనుకున్నారు. కానీ క్రీ.పూ. 23 లో, ఇరవై ఏళ్ళు కూడా నిండకుండానే మార్సెల్లస్ జబ్బుచేసి చనిపోయాడు. అతని గుర్తుగా థియేటర్‌కు అతని పేరు పెట్టారు.

అర్ధచంద్రాకారంలో ఉన్న ఈ కట్టడం వెడల్పు సుమారు 130 మీటర్లు. వేల మంది ఒకేసారి కూర్చుని నాటకం చూసేవాళ్ళు. బయటి గోడకు వరుసకు 41 కమానులు ఉండేవి. కమానుల్లోంచి లోపలికి వెళ్ళి, మెట్లెక్కి ఎవరి చోటికి వాళ్ళు చేరుకునేవాళ్ళు. అగస్టస్ నియమం ప్రకారం ముందు వరుస సెనేటర్లది. ప్రారంభోత్సవం రోజున ఒక తమాషా జరిగిందని సూటోనియస్ అనే రచయిత రాశాడు. అగస్టస్ కూర్చున్న కుర్చీ కీళ్ళు ఊడిపోయి, చక్రవర్తిగారు వెల్లకిలా పడ్డారట!

అపోలో, బెలోనా

థియేటర్ పక్కనే మూడు తెల్లటి పాలరాతి స్తంభాలు ఎత్తుగా నిలబడి కనిపిస్తాయి. అది అపోలో గుడి. క్రీ.పూ. 433 లో రోమ్‌లో ఒక మహమ్మారి వచ్చినప్పుడు, రోగం తగ్గితే గుడి కట్టిస్తామని మొక్కుకున్నారు. రెండేళ్ళకు మొక్కు తీర్చుకున్నారు. అందుకే ఇక్కడి అపోలోను వైద్యుడైన అపోలో అని పిలిచేవాళ్ళు. ఊరికి రోగాలొస్తే అమ్మవారికి మొక్కుకునే మనకు ఈ సంగతి సులభంగానే అర్థమవుతుంది. తర్వాత గాయస్ సోసియస్ అనే సేనాని ఈ గుడిని పాలరాతితో మళ్ళీ కట్టించాడు. ఇతను క్రీ.పూ. 31 లో ఆక్టియం యుద్ధంలో అగస్టస్‌కు ఎదురునిలిచి ఓడిపోయినవాడు. అగస్టస్ క్షమించి వదిలేశాడు. గుడి మాత్రం సోసియస్ పేరుతోనే నిలిచిపోయింది.

ఆ మూడు స్తంభాలను చూసి, అవి రెండు వేల ఏళ్ళుగా అలాగే నిలబడి ఉన్నాయని అనుకుంటాం. నిజానికి అవి పడిపోయి మట్టిలో ఉండేవి. తవ్వకాల్లో బయటపడితే, 1940 నాటికి తిరిగి నిలబెట్టారు. గుడి ముఖభాగం పైన ఉండిన శిల్పాలు ఇప్పుడు అదే ఊళ్ళో, పాత కరెంటు ఉత్పత్తి కేంద్రంలో పెట్టిన మ్యూజియంలో ఉన్నాయి.

అపోలో గుడిని ఆనుకునే బెలోనా గుడి ఉండేది. బెలోనా యుద్ధదేవత. క్రీ.పూ. 296 లో యుద్ధం నడుస్తుండగా అప్పియస్ క్లాడియస్ అనే నాయకుడు ఈ గుడి కట్టిస్తానని మొక్కుకున్నాడు. దాని ముందు ఒక స్తంభం ఉండేది. అక్కడి కొంచెం నేలను శత్రుదేశంగా లెక్కగట్టి, అందులోకి ఈటె విసిరితే యుద్ధం ప్రకటించినట్టు. శత్రువు ఎంతో దూరంలో ఉన్నా ఆచారం ఇక్కడే పూర్తయిపోయేది. విదేశీ రాయబారులను సెనేట్ కలుసుకునే చోట్లలో ఈ గుడి ఒకటి. ఎన్నో యుద్ధాలకు మొదలైన ఆ చోట ఇప్పుడు మిగిలింది అరుగు లోపలి రాతిముద్ద మాత్రమే. దానిమీద గడ్డి మొలుస్తోంది.

కూరగాయల సంతలో మూడు గుళ్ళు

థియేటర్ నుంచి దక్షిణానికి కొంచెం నడిస్తే ఒక చర్చి వస్తుంది. రోమన్ల కాలంలో అక్కడ కూరగాయల సంత జరిగేది. సంత పక్కన మూడు గుళ్ళు వరుసగా ఉండేవి. అవి జేనస్, జూనో, ఆశాదేవత స్పెస్ గుళ్ళని చరిత్రకారులు చెబుతారు. ఈ చర్చిని ఆ మూడు గుళ్ళ మధ్యలో, వాటి మీదే కట్టారు. అందుకే చర్చి పక్కగోడలో పాత గుడి స్తంభాలు సగం బయటికి, సగం లోపలికి ఇరుక్కుని కనిపిస్తాయి. స్తంభాల మధ్య ఖాళీలు పూడ్చి గోడ చేశారు. చూడడానికి విచిత్రంగా ఉంటుంది, కానీ ఆ స్తంభాలు ఎవరూ నిలబెట్టకుండానే ఇవాళ్టికీ నిలబడి ఉన్నాయి.

ఇంకా ముందుకు నడిస్తే రేవు దేవుడు పోర్టునస్ గుడి, గుండ్రంగా ఉండే హెర్క్యులిస్ గుడి వస్తాయి. రెండూ దాదాపు పూర్తి రూపంలో మిగిలాయి. పోర్టునస్ గుడి 9వ శతాబ్దంలో చర్చి అయింది. గుండ్రటి గుడీ తర్వాత చర్చి అయింది. మనుషులు వచ్చిపోయే చోటు కాబట్టి కప్పు కారితే బాగుచేశారు, గోడ బీటలు వేస్తే పూడ్చారు. రాళ్ళు ఎత్తుకుపోతుంటే చూస్తూ ఊరుకోలేదు.

ఇప్పుడు మనం చూసినవన్నీ ఒకసారి పోల్చి చూడండి. ఎవరికీ అవసరం లేక వదిలేసిన గుళ్ళు మట్టిలో కలిశాయి. వేరే పనికైనా వాడుకున్న గుళ్ళు నిలిచాయి.

థియేటర్ ఎలా బతికింది

థియేటర్ సంగతీ అంతే. 4వ శతాబ్దంలోనే దాని రాళ్ళు కొన్ని తీసి దగ్గర్లోని వంతెన మరమ్మతుకు వాడారు. నాటకాలు ఆగిపోయాయి. అలాగే వదిలేసి ఉంటే మిగతా రాళ్ళూ ఒక్కొక్కటే వెళ్ళిపోయేవి. కానీ మధ్యయుగంలో ఊళ్ళోని గొప్ప కుటుంబాలు దాన్ని తమ కోటగా మార్చుకున్నాయి. తర్వాత సావెల్లి అనే కుటుంబం చేతికి వచ్చింది. 16వ శతాబ్దంలో బల్దస్సారె పెరుజ్జి అనే వాస్తుశిల్పి వాళ్ళ కోసం కమానుల మీద పెద్ద భవనం కట్టాడు. 18వ శతాబ్దంలో అది ఓర్సిని కుటుంబానిది అయింది. పైన ప్రభువులు ఉంటే, కింద కమానుల్లో చిన్న చిన్న అంగళ్ళు నడిచేవి. నేల మట్టం అప్పటికి బాగా పెరిగిపోయి, కింది కమానులు సగం వరకు పూడిపోయాయి. ఆ సగం కమానులోనే దుకాణం!

పక్కనే మార్సెల్లస్ తల్లి ఆక్టేవియా పేరుతో ఉన్న మండపం మధ్యయుగం నుంచి 19వ శతాబ్దం దాకా చేపల బజారు. అక్కడ ఇప్పటికీ ఒక రాతిపలక ఉంది. ఈ పలక కంటే పొడవైన చేప దొరికితే, దాని తలను మొదటి రెక్క వరకు కోసి నగర పాలకులకు ఇవ్వాలని దానిమీద రాసి ఉంది.

1926లో ఏం జరిగింది

1926 నుంచి 1932 వరకు ముసోలినీ ప్రభుత్వం ఈ ప్రాంతాన్ని శుభ్రం చేసింది. రోమన్ల గొప్పతనం అందరికీ కనబడాలని థియేటర్ చుట్టూ ఉన్న ఇళ్ళు పడగొట్టారు. కమానుల్లోని అంగళ్ళు తీసేశారు. మోంటనారా అనే చిన్న కూడలి ఉండేది. పల్లెల నుంచి కూలి పని కోసం వచ్చినవాళ్ళు అక్కడ గుమిగూడేవాళ్ళు. ఆ కూడలి పూర్తిగా మాయమైంది. దాని ఫౌంటెన్‌ను వేరే చోట పెట్టారు. వెడల్పయిన రోడ్డు వేశారు. ఆ రోజుల్లో ఇలా ఇళ్ళు పోగొట్టుకున్న పేదలు చాలామంది ఊరి చివరి కాలనీలకు వెళ్ళాల్సి వచ్చింది.

దీన్ని మంచి అనాలా, చెడు అనాలా? అపోలో స్తంభాలు దొరికింది ఆ కూల్చివేతల్లోనే. కమానులు పూర్తిగా కనబడుతున్నదీ అందువల్లే. కానీ అంతకాలం ఆ కట్టడాన్ని నిలబెట్టినవాళ్ళ వారసులే దాని అందానికి అడ్డం అయ్యారు. సీజర్ ఇళ్ళు పడగొట్టించి మొదలుపెట్టిన కథ, మళ్ళీ ఇళ్ళు పడగొట్టడం దగ్గరికే వచ్చింది.

మన నాగార్జునకొండ

తెలుగు నేల మీద కూడా ఇలాంటి కథ ఒకటి ఉంది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, అంటే నాగార్జునకొండ లోయలో, మెట్ల వరుసలున్న ఒక రంగస్థలం బయటపడింది. అక్కడ రోమన్ నాణేలు కూడా దొరికాయి, కాబట్టి రెండు దేశాల మధ్య వ్యాపారం ఉండేదని తెలుస్తోంది. నాగార్జునసాగర్ ఆనకట్ట కడితే లోయ మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 వరకు అక్కడ పెద్ద ఎత్తున తవ్వకాలు జరిపారు. ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని కొండమీదికీ, అనుపు అనే చోటికీ తరలించి తిరిగి కట్టారు. ఆ రంగస్థలాన్ని ఇప్పుడు అనుపులో చూడవచ్చు. లోయలోని ఊళ్ళవాళ్ళు కూడా ఇళ్ళు వదిలి వెళ్ళారు. రాళ్ళు ఎక్కడికి వెళ్ళాయో బోర్డుల మీద రాసి ఉంటుంది. మనుషుల సంగతి వాళ్ళ పిల్లలనీ మనవళ్ళనీ అడిగి తెలుసుకోవాలి.

ఇది చదివాక నాకు తోచింది

మేం తమిళనాడులో ఉంటాం. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం. మా తెలుగులో తమిళ మాటలు చాలా కలుస్తాయి. ఊరి నుంచి వచ్చిన చుట్టాలు విని, "ఇదేం తెలుగురా?" అని నవ్వుతారు. ఇదివరకు నాకు సిగ్గుగా ఉండేది. ఇప్పుడు మార్సెల్లస్ థియేటర్ మీది కిటికీలు గుర్తొస్తాయి. అవి అగస్టస్ పెట్టించినవి కావు. నిజమే. కానీ ఆ కిటికీల వెనక ఉండినవాళ్ళు లేకపోతే కింది కమానులు మిగిలేవా?

అలాగని ఏం చేసినా సరే అని కాదు. కూరగాయల సంతలోని స్తంభాల మధ్య గోడ కట్టారు గానీ, స్తంభాలను పీకి పారెయ్యలేదు. మనమూ అంతే. కొత్త మాటలు చేరినా చేరనీ, అక్షరాలు మాత్రం నేర్చుకోవాలి, తాతమ్మల మాటలు మరిచిపోకూడదు. అద్దాల బీరువాలో దాచిన భాష కంటే, వంటింట్లో, వీధిలో, బడిలో వాడే భాష ఎక్కువ కాలం ఉంటుంది.

మీరెప్పుడైనా పాత కట్టడం దగ్గరికి వెళ్తే, ఇది ఏ రాజు కట్టించాడు అని తప్పకుండా అడగండి. దాంతోపాటు ఇంకో ప్రశ్న కూడా అడగండి: రాజు పోయాక ఇన్నాళ్ళూ దీన్ని ఎవరు వాడుకున్నారు, వాళ్ళు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు?