ఫ్రాయిడ్ పాఠం చెప్పిన తీరు

మనోవిశ్లేషణ కొరుకుడుపడని శాస్త్రమని చాలామందికి భయం. దాన్ని కొత్తవాళ్లకు విడమరచి చెప్పే పనికి మొదట పూనుకున్నది మాత్రం దాన్ని పుట్టించిన ఫ్రాయిడే.

1909 సెప్టెంబరులో అమెరికాలోని క్లార్క్ విశ్వవిద్యాలయంలో, కాగితం చూడకుండా, జర్మన్‌లో అయిదు ఉపన్యాసాలిచ్చాడు. మనసు కోరికలను అణచివేయడం గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ హాలునే ఉదాహరణగా తీసుకున్నాడు. సభలో ఒకడు అల్లరి చేస్తున్నాడనుకోండి. ముగ్గురు నలుగురు కలిసి వాణ్ణి బయటికి నెట్టి, తలుపుకు కుర్చీలు అడ్డం వేస్తారు. వాడు ఊరుకుంటాడా? బయట కేకలు వేస్తూ తలుపు బాదుతాడు. మనసు నెట్టేసిన కోరిక వ్యాధి లక్షణమై తిరిగి రావడమంటే అదే. అప్పుడు విశ్వవిద్యాలయ అధ్యక్షుడు స్టాన్లీ హాల్ వెళ్లి వాడికి నచ్చజెప్పి లోపలికి తీసుకొస్తాడు. వైద్యుడు చేసే పని అటువంటిది.

1915–17 మధ్య వియన్నాలో రెండు శీతాకాలాలు చెప్పిన 28 పాఠాలు నా దృష్టిలో ఇంతకన్నా గొప్పవి. మొదటి పాఠంలోనే, రెండోసారి రావద్దని శ్రోతలకు సలహా ఇచ్చాడు. ఆ తర్వాతి మూడు పాఠాలూ నోరు జారడం, పేర్లు మరిచిపోవడం, వస్తువులు పోగొట్టుకోవడం గురించే. సభ ప్రారంభించాల్సిన పార్లమెంటు అధ్యక్షుడు సభ ముగిసిందని ప్రకటించిన సంగతి అందులోదే. ఆ సభ వల్ల ఒరిగేదేమీ లేదనుకున్నాడు, మనసులో మాట బయటపడింది. పొరపాట్ల తర్వాత కలలకు 11 పాఠాలు. వ్యాధుల ప్రస్తావన ఆ పైనే. వినేవాడు తన అనుభవంలో సరిచూసుకోగలిగిన దాన్ని ముందు పెట్టడమే ఆ వరుసలోని కిటుకు. శ్రోతకు వచ్చే అభ్యంతరాన్ని కూడా తనే లేవనెత్తి జవాబు చెప్పేవాడు.

1926లో, వైద్యపట్టా లేకుండా మనోవిశ్లేషణ చేస్తున్న తన శిష్యుడు రైక్ మీద కేసు నడిచినప్పుడు, తటస్థుడైన ఒక పెద్దమనిషితో సంభాషణగా ఫ్రాయిడ్ ఒక పుస్తకం రాశాడు.

ఫ్రాయిడ్ తర్వాతివాళ్లలో, ఇంగ్లండులో పిల్లల వైద్యుడూ మనోవిశ్లేషకుడూ అయిన విన్నికాట్ 1943 నుంచి బీబీసీ రేడియోలో తల్లులతో మాట్లాడాడు. పారిభాషిక పదాల జోలికి పోకుండా, బిడ్డను ఎత్తుకోవడం, పాలివ్వడం గురించే చెప్పాడు. పారిస్‌లో మనోవిశ్లేషకుడు లకాన్ దారి వేరు. ఆయన కావాలనే కఠినంగా రాశాడు, అందుకే ఆయనకు వ్యాఖ్యాతలు అవసరమయ్యారు.

మన దేశంలో 1922లో కలకత్తాలో మనోవిశ్లేషణ సంఘం పెట్టిన గిరీంద్రశేఖర్ బోస్ కలల మీద బెంగాలీలోనే పుస్తకం రాశాడు. తెలుగు పాఠకుల్లో చాలామందికి ఫ్రాయిడ్ పరిచయమైంది నవలల ద్వారా. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' మీద ఆ ప్రభావాన్ని విమర్శకులు ఇప్పటికీ చర్చిస్తున్నారు.

తెలుగులో ఈ శాస్త్రం గురించి రాయబోయేవారికి ఒక్క విన్నపం: నిర్వచనాలతో మొదలుపెట్టకండి. పాఠకుడు నిన్న నోరు జారిన మాటతో మొదలుపెట్టండి.